పందొమ్మిదో పేజీ

డోరీన్ ఓర్మెరాడ్ మొగుడి వేళ్లు రెండు నరికిందని మా ఊళ్లో చెప్పుకుంటారు. రొట్టెల దుకాణంలో పేస్టీలు కోసే కత్తితో నరికిందట. ఇంటి ధరలో మూడు వేల పౌండ్లు తగ్గించమని కొనేవాళ్లు అడిగితే ఆ మంటంతా మొగుడి మీద తీర్చుకుందట. రెండు కాదు మూడు వేళ్లంటుంది మాంసం కొట్టు ఆవిడ. ఆ వేళ్లు మర్నాటి పేస్టీల్లోకి వెళ్లాయని పబ్బులో ఎవరో అన్నారు. విన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. కానీ ఆ వారం ఒక్కరూ పేస్టీ కొనలేదు.

నేను అప్పుడు ఫీల్డెన్ గారి దగ్గర పనిచేసేదాన్ని. ఆయన ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. అమ్మకు పక్షవాతం రావడంతో పదిహేనో ఏట బడి మానేశాను. ఆయన ఆఫీసులో టీ పెట్టడం, తాళంచెవులకు చీటీలు కట్టడం, కాగితాలకు నకళ్లు తీయడం నా పని. పనంతా చూస్తూ ఊరుకోవడమే కాబట్టి నాకు అది సరిపోయింది. జరిగింది నాకు తెలుసు.

డోరీన్ ఆంటీ కూడా పదిహేనో ఏటే పనిలో చేరింది. తెల్లవారుజామున రొట్టెల దుకాణానికి వెళ్లి, పిండి బస్తాలు భుజాన మోసి, మాంసమూ బంగాళాదుంపా కూరి, కజ్జికాయల్లా అంచులు మడిచి పేస్టీలు చేసేది. ముప్పై ఏడేళ్లు అదే పని. ముంజేతుల నిండా పొయ్యి కాల్చిన గీతలు. ఆ గీతల మధ్య పొయ్యి పెట్టనివి కొన్ని ఉండేవి. అవీ పొయ్యివేనని ఊరు నమ్మింది. నమ్మడం సులువు కదా.

ఎడమ చెవి వినపడదు. ఎవరైనా ఎడమ పక్కన నిలబడి అడిగితే పలికేది కాదు. పొగరంటే పొగరనేవారు. నేను మాత్రం కుడి పక్కన నిలబడి అడిగేదాన్ని. విరిగిన పేస్టీలు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టి, "మీ అమ్మకి నమిలే పని లేకుండా దేవుడే విరిచి పంపాడమ్మా" అనేది.

ఆమె మొగుడు క్లిఫర్డ్ ఇళ్ల కప్పుల మీద పలకలు పరిచే పనివాడు. ఊళ్లో సగం ఇళ్లు కురవకుండా చూసినవాడు. సొంత ఇంటి కప్పు మాత్రం వెనక వైపు కారుతుండేది. పబ్బులో అందరికీ ఇష్టుడు. బ్యాండు మేళంలో పెద్ద డోలు వాయించేవాడు. "మావాడి దెబ్బకి తోలు చిరగాలిరా" అని మురిసిపోయేవాళ్లు.

వాళ్ల ఇంట్లో మేడ మీద వెనక వైపు ఓ చిన్నగది ఉంది. మంచం పట్టదు. ఇస్త్రీ బల్ల, పాత పెట్టెలు, ఒక కుర్చీ. ఆ తలుపుకి లోపలి వైపు మూడు ఇనప గడియలు ఉండేవి. ఒకటి ఊడినప్పుడల్లా దాన్ని మళ్లీ బిగించి, తోడుగా ఇంకోటి కొని ఆమే పెట్టుకుంది. మూడోదాన్ని కొనడానికి వెళ్లినప్పుడు ఇనప సామాన్ల కొట్టు ముసలాయన వేళాకోళం ఆడాడు.

"ఏం డోరీన్, రాణీగారి నగలు గానీ మీ ఇంట్లో దాచిపెట్టారా ఏంటి?"

"అవునండీ. ఒక్క నగే మిగిలింది."

"ఏం నగ?"

"ముందు పళ్ల వరస."

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వి, డబ్బులిచ్చి, గడియ పట్టుకుని వచ్చేసింది. ఈ మాట ఆమే తర్వాత నాకు చెప్పింది.

పెళ్లయిన ఇరవై ఆరేళ్లకు ఆమె విడాకులు అడిగింది. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది కాబట్టి అమ్మి చెరిసగం తీసుకోమని కోర్టు చెప్పింది. అమ్మకం పూర్తయితే సముద్రం ఒడ్డున చెల్లెలుండే ఊరికి వెళ్లిపోవాలని ఆమె ఆలోచన. అక్కడ ఒక అద్దె గది చూసుకుంది కూడా. క్లిఫర్డ్ అదే వీధి చివర తమ్ముడింటికి మారాడు. కానీ తాళంచెవి తిరిగి ఇవ్వలేదు.

ఆ ఇంటిని మిస్ పోలార్డ్ కొంటానంది. బడిలో పిల్లలకు వంటచేసే మనిషి. నలభై మూడేళ్లకు మొదటిసారి సొంత ఇల్లు. మా దగ్గర కొనేవాళ్లు తమ డబ్బుతోనే సర్వేయర్ని పెట్టి ఇల్లు పరీక్ష చేయించుకుంటారు. ఆ రిపోర్టు వాళ్ల సొత్తు. ధర తగ్గించమని అడగాలంటే అందులో పనికొచ్చే రెండు మూడు పేజీలు ఏజెంటుకి చూపించి, మిగతావి ఇంట్లో పెట్టుకుంటారు. ఏజెంటు అమ్మేవాళ్ల మనిషి కదా.

సర్వేయర్ టాటర్సాల్ గారు వచ్చిన రోజు ఆంటీ సెలవు పెట్టి ఇంట్లో ఉంది. తాళంచెవులు తీసుకుని నేను వెంట వెళ్లాను. ఆయన గోడలు తట్టాడు, చెమ్మ చూసే యంత్రం గుచ్చాడు, అటకెక్కి దిగాడు. చిన్నగది తలుపు దగ్గర ఆగిపోయాడు. తలుపు పైన గోడలో బొటనవేలు పట్టేంత పగులు. చట్రం రెండు చోట్ల చీలి అతికించి ఉంది.

"ఇది నేల కుంగి వచ్చిందా అని చూడాలమ్మా. కింద పాత బొగ్గు గనులున్నాయి కదా. అదే అయితే కొనేవాళ్లకి పెద్ద చిక్కు."

ఆంటీ కుడి చెవి ఆయన వైపు తిప్పి నిలబడి ఉంది. రొట్టె ధర చెప్పినట్టు చెప్పింది.

"నేల కుంగలేదండీ. మా ఆయన భుజం."

ఆయన పెన్సిలు ఆగింది. "ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు. పెద్దగదిలో గోడ మీద గుంట కూడా చూశారుగా. అది నా తల."

అంతే. ఏడవలేదు. టీ తాగుతారా అని అడిగింది. ఇరవై ఆరేళ్లలో ఎన్నిసార్లని ఆమెని అడిగిన మొదటి మనిషి ఆయనే అనుకుంటాను. ఆయన అడిగింది కూడా గోడ గురించే.

వారం తర్వాత మిస్ పోలార్డ్ రిపోర్టు పట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. చెమ్మకి, కారే కప్పుకి కలిపి మూడు వేలు తగ్గించమంది.

"మొత్తం చూపించండి మేడమ్" అన్నారు ఫీల్డెన్ గారు. "విడి పేజీలు చూపిస్తే అమ్మేవాళ్లకి అనుమానం వస్తుంది. ఇంకేం దాచారో అనుకుంటారు."

"మా అన్నయ్య ఆ రెండు పేజీలే ఇవ్వమన్నాడండీ."

"మీ అన్నయ్య ఎన్ని ఇళ్లు అమ్మారేంటి?"

ఆమె మొహం ఎర్రబడింది. బ్యాగు తీసి అట్ట వేసిన రిపోర్టు మొత్తం బల్ల మీద పెట్టింది. "చూసుకోనివ్వండి. దాచడానికి ఇందులో ఏముంది, ఉన్నదే రాశాడుగా" అంది. మంచి మనిషి. తన సొత్తు కదా, ఇస్తే తప్పేంటనుకుంది. అందులో ఇంకొకరి సొత్తు ఉందని ఆమెకు తోచలేదు.

ఫీల్డెన్ గారు దాన్ని నా చేతిలో పెట్టారు. "రెండు నకళ్లు తీయమ్మా. ఇంటి మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఇద్దరికీ చెరొకటి వెళ్లాలి."

యంత్రంలో ఒక్కో పేజీ పెడుతుంటే పందొమ్మిది వచ్చింది. చదివాను.

"వెనక చిన్నగది తలుపు పైన పగులు ఉన్నది. ఇది నేల కుంగుట వలన కలిగినది కాదు. తలుపును బయటి నుండి పలుమార్లు బద్దలు కొట్టుట వలన కలిగినది. ఆ పని తన భర్తదని ఇంటావిడ తెలిపినది. పెద్దగది గోడలో మనిషి తల ఎత్తున ఉన్న గుంటకు కూడా కారణము ఇదే. చిన్నగది తలుపునకు లోపల మూడు గడియలు గలవు. వీటిని తొలగించి చట్రమును బాగుచేయవలెను."

"సార్" అన్నాను. "ఈ పేజీ క్లిఫర్డ్ గారికి కూడా..."

"మనం నకళ్లు తీస్తాం తల్లీ, చదవం" అన్నారాయన, ఫోను చెవికి పెట్టుకుంటూ.

రెండోసారి నోరు విప్పడం నాకు చేతకాలేదు. క్లిఫర్డ్‌కి వెళ్లే కట్టలోంచి పందొమ్మిదో పేజీ తీసి మడిచి నా కోటు జేబులో పెట్టుకున్నాను. సోమవారం సాయంత్రం రెండు కవర్లూ టపాలో వేశాను. పేజీల కింద అంకెలున్న సంగతి నాకు గుర్తు రాలేదు.

బుధవారం మా ఊళ్లో కొట్లన్నీ మధ్యాహ్నానికే మూసేస్తారు. మా ఆఫీసు మాత్రం తెరిచే ఉంటుంది. ఆ బుధవారం ఫీల్డెన్ గారు పొద్దున్నంతా ఇళ్లు చూపించడానికి వెళ్లారు. పొద్దున నేను తలుపు తీసేసరికి చాప మీద నాలుగు కవర్లు పడి ఉన్నాయి. ఒకదానికి స్టాంపు లేదు. ఉత్తరాలు ఆయన తప్ప ఎవరూ చించకూడదు. ఆయన దగ్గర దానికోసం వెండి పిడి చాకు ఉండేది. నాలుగూ ఆయన బల్ల మీద పెట్టాను.

రెండుంబావుకి ఆయన వచ్చి కోటు విప్పుతున్నారు. వెనకే క్లిఫర్డ్ వచ్చాడు. పబ్బు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. చేతిలో రిపోర్టు గొట్టంలా చుట్టి ఉంది.

"ఏం ఫీల్డెన్, బాగున్నావా? ఒక లెక్క చెప్పు. పద్దెనిమిది తర్వాత ఎంత?"

"కూర్చోండి మిస్టర్ ఓర్మెరాడ్..."

"పద్దెనిమిది తర్వాత ఇరవై ఎట్లా వచ్చిందిరా? కప్పులెక్కేవాడికి అంకెలు రావనుకున్నావా? నా ఇల్లు అమ్ముతూ నాకే పేజీ దాస్తావా?"

ఫీల్డెన్ గారికి నిజంగానే ఏం తెలియదు. ఆయన నోరు తెరిచేలోపు క్లిఫర్డ్ టై పట్టుకుని ముందుకి లాగి ఆయన మొహాన్ని బల్లకేసి కొట్టాడు. తడి గుడ్డ నేల మీద పడ్డట్టు చప్పుడైంది. మళ్లీ కొట్టాడు. కవర్ల మీద, టీ కప్పు మీద రక్తం. ముక్కు ఒక పక్కకి ఒరిగిపోయింది. డోలు వాయించేటప్పుడు ఉన్నంత నిదానంగా ఉన్నాడు క్లిఫర్డ్.

"ఫైల్లో... ఫైల్లో ఉంది" అన్నారు ఫీల్డెన్ గారు రక్తంలోంచి. తన మనిషి ఎవరో, ఎదటి మనిషి ఎవరో చూసుకునే స్థితిలో లేరు. మిస్ పోలార్డ్ ఇచ్చిన అసలు రిపోర్టు తీసి ఇచ్చేశారు.

క్లిఫర్డ్ నిలబడి పందొమ్మిదో పేజీ చదివాడు. పెదాలు కదిలిస్తూ, వేలు పెట్టి, ఒక్కో మాటా. "ఇంటావిడ తెలిపినది" దగ్గర వేలు ఆగింది.

"టైపు కొట్టించిందీ" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "టైపు కొట్టించి ఊరంతా పంచుతోంది."

పేజీ చింపుకుని వెళ్లిపోయాడు. తలుపు అద్దం పగిలి మెట్ల మీద పడింది.

ఆంటీ బుధవారం మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటుంది, ఇస్త్రీ చేసుకుంటూ. నేను ఫోను తీశాను. రెండుసార్లు తప్పు నంబరు తిప్పాను. మూడోసారి తగిలింది.

"ఆంటీ, వస్తున్నాడు. పేజీ చదివేశాడు. ఇప్పుడే బయల్దేరాడు."

"ఎవరికి దెబ్బ తగిలింది?" అని అడిగింది ముందు.

"ఫీల్డెన్ గారికి."

"నువ్వు బాగానే ఉన్నావా?"

"ఉన్నాను. ఆంటీ, వెళ్లిపో!"

"ఎక్కడికే? వీధి రెండో కొసన వాడి తమ్ముడిల్లు. పోలీసులకి ఫోన్ చెయ్. నేను పైకి పోతున్నా."

చేశాను. ఫీల్డెన్ గారి మొహానికి తువ్వాలు అందించి పరుగెత్తాను. ఆ గుట్ట ఎక్కడానికి ఏడు నిమిషాలు పడుతుంది. నేను వెళ్లేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. తాళానికి చెవి వేలాడుతోంది. ముందు గదిలో గడియారం, పింగాణీ కుక్కలు, అద్దం అన్నీ నేల మీద ముక్కలు. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, "మామూలేలే, కాసేపట్లో సద్దుమణుగుతుంది" అంది.

పైన దెబ్బలు పడుతున్నాయి. మాటలు కూడా.

"తియ్యవే! నా పేరు కాగితాల్లో ఎక్కిస్తావా? తీస్తావా, చంపేసి తియ్యనా?"

నేను మెట్ల కింద నిలబడ్డాను. పైకి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చాలామంది అడిగారు. అక్కడి నుంచి అతని వీపు, తలుపు కనిపిస్తున్నాయి. రెండడుగులు వెనక్కి వేసి భుజంతో గుద్దుతున్నాడు. ప్రతి దెబ్బకీ గోడలోంచి సున్నం రాలుతోంది. పగులు పైకప్పు దాకా పాకడం నా కళ్లతో చూశాను.

పై గడియ ఊడి లోపల పడ్డ చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నడిమిది. తలుపు పైభాగం వంగి చట్రానికీ తలుపుకీ మధ్య సందు పడింది. అడుగున ఒక్క గడియే పట్టి ఉంది. క్లిఫర్డ్ ఎడమ చెయ్యి ఆ సందులో పెట్టి తలుపు అంచు పట్టుకుని లోపలికి తోశాడు. కర్ర మూలిగింది. ఇంకొక్క తోపు తోస్తే అదీ పోయేది.

లోపల ఆంటీ, తర్వాత తనే చెప్పినట్టు, ఇస్త్రీ బల్లని ఎదటి గోడకి తన్నిపెట్టి, కాళ్లు దానికి ఆనించి, వీపూ భుజమూ తలుపుకి వేసి నెట్టింది. ముప్పై ఏడేళ్లు పిండి బస్తాలు మోసిన భుజం. తలుపు ఒక్కసారిగా చట్రంలోకి వెళ్లి కూర్చుంది. పచ్చి కట్టె విరిగిన చప్పుడొకటి. అలాంటిదే వెంటనే ఇంకొకటి.

క్లిఫర్డ్ అరుపు మొదట మనిషిదిలా లేదు. తర్వాత మాటలయ్యాయి. "డోరీ! వేళ్లు! వేళ్లే! తియ్యి డోరీ, నీకు దణ్ణం పెడతా!" కుడి చేత్తో తలుపు బాదాడు, తన్నాడు. తన్నిన ప్రతిసారీ చెయ్యి ఇంకా నలిగి తనే అరిచాడు. చివరికి మోకాళ్ల మీద కూలబడ్డాడు. చెయ్యి మాత్రం పైన చట్రంలోనే ఉంది. రక్తం తలుపు మీదుగా కారి, మెట్ల తివాచీ మీదికి దిగింది.

వేళ్లు ఇరుక్కున్న పదకొండు నిమిషాలకు పోలీసులు వచ్చారు. అంతసేపూ ఆమె నెడుతూనే ఉంది. "తలుపు తియ్యమ్మా, మేం పోలీసులం" అని మూడుసార్లు చెబితే గాని తియ్యలేదు. బయటికి వచ్చినప్పుడు కిందపెదవి చిట్లి ఉంది. తనే కొరుక్కుంది. అతని వైపు చూడలేదు. మెట్ల కింద నన్ను చూసి, "నిన్నెవరమ్మా పైకి రమ్మన్నది" అంది, నేను పైకి రాకపోయినా.

చూపుడు వేలు, నడిమి వేలు అతికించడం డాక్టర్ల వల్ల కాలేదు. ఫీల్డెన్ గారిని కొట్టినందుకు, ఆంటీని చంపుతానని బెదిరించినందుకు క్లిఫర్డ్‌కి పద్నాలుగు నెలల జైలు పడింది. పబ్బులో అతని కోసం డబ్బా పెట్టి చందా వసూలు చేశారు. ఎడమ చేతి వేళ్లు లేకుండా డోలు ఎట్లా వాయిస్తాడు పాపం అనుకున్నారు. ఆంటీ కోసం ఏ డబ్బా పెట్టలేదు. కత్తి కథ ఆ డబ్బా పక్కనే పుట్టింది.

మిస్ పోలార్డ్ వెనక్కి పోతుందని అందరూ అనుకున్నారు. పోలేదు. ఏడుస్తూ ఆంటీ దగ్గరికి వెళ్లి, "నా వల్లే ఇదంతా" అంది. ఆంటీ ఆమెకి టీ పోసి, వెనక కప్పు కారే చోట బకెట్ ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆరు వారాలకు ఇల్లు చేతులు మారింది.

సామాను లారీ ఎక్కిస్తున్న రోజు నేను వెళ్లి పేజీ తీసింది నేనేనని చెప్పాను. కుడి పక్కన నిలబడే చెప్పాను. ఆమె పెట్టెకి తాడు బిగిస్తోంది.

"నువ్వు తియ్యకపోతే పబ్బు నుంచి తిన్నగా నా మీదికే వచ్చేవాడు. నువ్వు తీశావు గనక ముందు మీ ఆఫీసుకి పోయాడు. నాకు మెట్లెక్కే టైము దొరికింది. ఫీల్డెన్ ముక్కు పోయిందనుకో, అది ముందు కూడా అంత చక్కగా ఏం లేదులే."

నేనే మళ్లీ అడిగాను, "అన్నిసార్లు బతిమాలాడు కదా ఆంటీ. తియ్యాలనిపించలేదా?"

"ఏమోనమ్మా, చెవిటి చెవి తలుపు వైపు ఉంది" అంది తాడు ముడి వేస్తూ. "ఆ చెవి చెవిటిది చేసిందెవరో వాడినే అడుగు."

ఇప్పటికీ ఊళ్లో మూడు వేల పౌండ్ల కోసం నరికిందనే అంటారు. నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు. నాతో ఎవరూ అంతసేపు మాట్లాడరు కూడా.

ఆ బుధవారం వచ్చిన నాలుగు కవర్లు గురువారం దాకా రక్తం ఎండిపోయి బల్ల మీదే ఉన్నాయి. ముక్కుకి పట్టీతో వచ్చి ఫీల్డెన్ గారు వెండి చాకుతో చించారు. స్టాంపు లేనిది డోరీన్ ఆంటీది. బుధవారం తెల్లవారుజామున పనికి పోతూ తలుపు సందులోంచి వేసి వెళ్లింది. రొట్టెల పెట్టె అట్ట మీద పెన్సిలుతో రాసి ఉంది. అది ఇప్పటికీ ఆ ఇంటి ఫైల్లోనే ఉంది.

"మిస్ పోలార్డ్ అడిగిన మూడు వేలూ తగ్గించండి, నాకు సమ్మతమే. చిన్నగది గడియలు తీసేయమని రాశారు. అవి మాత్రం ఆఖరి రోజున తీస్తాను."